త్రీ నాట్ త్రీ ఫోర్‌సైట్ మార్పిడి: ఎడమకు కొట్టిన ఒక రైఫిల్ కేసు

రైఫిల్: త్రీ నాట్ త్రీ లీ-ఎన్‌ఫీల్డ్, నంబర్ 1 మార్క్ 3 స్టార్ రకం, పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో 1944లో తయారైనది. రాయలసీమలోని ఒక సాయుధ రిజర్వు విభాగం నుంచి మా వర్క్‌షాపుకు వచ్చింది. వెంట వచ్చిన చీటీలో ఇలా ఉంది: ఫోర్‌సైట్ వదులుగా ఉంది, గుండ్లు ఎడమకు పోతున్నాయి, బ్లేడు మార్చగలరు. ఫోర్‌సైట్ అంటే బ్యారెల్ ముందు కొన దగ్గర ఉండే గురి గుర్తు, దాని ఉక్కు పలకే బ్లేడు.

చివరికి బ్లేడు మార్చాము, ఆ మాట నిజమే. కానీ రైఫిల్ రాగానే మొదట ఆ పనే చేసి ఉంటే, అది తిరిగి మా బల్ల మీదికే వచ్చేది. గురి తప్పిన రైఫిల్‌లో కంటికి కనిపించే భాగం ఫోర్‌సైట్ ఒక్కటే కాబట్టి అందరి చెయ్యీ అక్కడికే పోతుంది. నా దృష్టిలో ఆర్మరర్, అంటే ఆయుధాలు మరమ్మతు చేసేవాడు, చివరగా ముట్టుకోవలసిన భాగం అదే. ముట్టుకున్నాక జరపవలసింది లెక్క ప్రకారమే తప్ప, సుత్తి దెబ్బలతో కాదు. ఈ రెండు మాటలకు ఈ రైఫిల్ మంచి ఉదాహరణ కాబట్టి వివరంగా రాస్తున్నాను. ఇది పోలీసు ఆర్మరర్లకు, లైసెన్సు ఉన్న మరమ్మతుదారులకు ఉద్దేశించినది. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకి మరమ్మతుకు, పరీక్షకు కూడా లైసెన్సు తప్పనిసరి. అది లేనివారు తమ ఆయుధాన్ని అయినా సరే ఇలా విప్పకూడదు.

ముందుగా ఈ రైఫిల్ సైట్ల సంగతి. మార్క్ 3 రైఫిల్ బ్యాక్‌సైట్‌ను, అంటే కంటికి దగ్గరగా ఉండే వెనుక గురి గుర్తును, పక్కకు జరుపుకొనే వీలు ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఉత్పత్తి వేగం పెంచడానికి ఆ ఏర్పాటును, మ్యాగజైన్ కటాఫ్‌ను (మ్యాగజైన్ తూటాలు పైకి రాకుండా ఆపే పలకను), బాగా దూరపు కాల్పులకు వాడే వాలీ సైట్లను తీసేశారు. అలా వచ్చిందే మార్క్ 3 స్టార్. దీని బ్యాక్‌సైట్ ఎత్తు మాత్రమే మారుతుంది, అదీ 200 గజాల నుంచి 2000 గజాల వరకు. గుండు పక్కకు పోతే సరిచేయడానికి ఫోర్‌సైట్ తప్ప వేరే దారి లేదు. ఆ ఫోర్‌సైట్ ఒక చిన్న ఉక్కు బ్లేడు. బ్యారెల్ చివరన ఉన్న బ్లాకు మీద అడ్డంగా కోసిన డవ్‌టెయిల్ గాడిలో (అడుగు వెడల్పు, పైన ఇరుకు ఉండే గాడి) బిగుతుగా కూర్చుంటుంది. గాడిలో పక్కకు జరిపితే గుండు పక్కకు జరుగుతుంది. ఎత్తు మార్చాలంటే మాత్రం బ్లేడునే మార్చాలి. అందుకే బ్లేళ్లు 0.015 అంగుళాల అంచెల్లో వేర్వేరు ఎత్తుల్లో వచ్చేవి.

రెండు సైట్ల మధ్య దూరం సుమారు 19.4 అంగుళాలు. లెక్కంతా దీని మీదే నడుస్తుంది. 100 గజాలంటే 3600 అంగుళాలు. కాబట్టి ఫోర్‌సైట్ ఒక మిల్లీమీటరు జరిగితే 100 గజాల దగ్గర గుండు 7.3 అంగుళాలు జరుగుతుంది. ఎత్తులో ఒక అంచె, అంటే 0.015 అంగుళాలు మారితే 2.8 అంగుళాల తేడా వస్తుంది. ఇదే బ్లేడు సూత్రం నంబర్ 4 రైఫిల్‌లోనూ ఉంది కానీ, దాని బ్యాక్‌సైట్‌ను బాడీ (బోల్టు కదిలే ఉక్కు భాగం) వెనుక చివరకు మార్చడంతో సైట్ల మధ్య దూరం 28.7 అంగుళాల దాకా పెరిగింది. అక్కడ అదే అంచెకు వచ్చే తేడా 1.9 అంగుళాలే. ఒక రైఫిల్ లెక్కను రెండో దానికి వాడితే పని చెడుతుంది.

రైఫిల్ చేతికి రాగానే మ్యాగజైన్ తీసి, బోల్టు వెనక్కి లాగి, ఛాంబర్‌ను కంటితో చూసి, వేలితో తడిమి, ఖాళీ అని రూఢి చేసుకున్నాను. బెల్ ఆఫ్ ఆర్మ్స్ (పోలీసు ఆయుధాల గది) నుంచి ఎంత జాగ్రత్తగా వచ్చినా ఈ అలవాటు మానకూడదు. తర్వాత ఫోర్‌సైట్‌ను భూతద్దం కింద చూశాను. బ్లేడు బ్లాకు మధ్యలో లేదు. వెర్నియర్‌తో రెండు వైపులా కొలిస్తే మధ్య నుంచి కుడికి 1.5 మిల్లీమీటర్లు జరిగి ఉంది. దాని పాదం ఎడమ వైపున ఇనుప పంచ్ దెబ్బల గుంటలు ఉన్నాయి. బ్లేడు కొన నల్లగా, చదునుగా ఉండాలి. ఇది వెండిలా మెరుస్తోంది, అడ్డంగా ఆకురాయి గీతలు కనిపిస్తున్నాయి. ఎవరో అరగదీశారు. పాదం మీద ముద్రించిన సైజు ప్రకారం ఉండవలసిన ఎత్తు కంటే 0.033 అంగుళాలు తక్కువ తేలింది.

రైఫిల్ తెచ్చిన హెడ్ కానిస్టేబుల్‌ను అడిగాను. ఆయన దాచలేదు. "వార్షిక ఫైరింగ్‌లో గుండ్లు ఎడమకు పోతుంటే సైటును కుడికి కొట్టాము సార్. ఇంకా ఎడమకే పోయాయి. ఇంకాస్త కొట్టాము" అన్నారు. కొన అరగదీసింది మెరుపు, బొడిపె పోవడానికట. ఆయన ఒక్కరే కాదు, చాలామంది తడబడే చోటు ఇదే. బ్యాక్‌సైట్‌ను గుండు ఎటు పోవాలో అటు జరపాలి. ఫోర్‌సైట్‌ను గుండు తప్పి ఎటు పోయిందో అటే జరపాలి. కారణం తేలికే. ఫోర్‌సైట్‌ను కుడికి జరిపామనుకోండి, దాన్ని మళ్లీ గురిచుక్క కిందికి తేవాలంటే షూటర్ మజిల్‌ను (బ్యారెల్ ముందు కొనను) ఎడమకు తిప్పక తప్పదు. గుండు ఎడమకు పోతుంది. ఎత్తులోనూ అంతే. గుండు పైకి పోతే పొడవు బ్లేడు, కిందికి పోతే పొట్టి బ్లేడు. కొత్తగా వచ్చిన కుర్రవాళ్లకు నేను చెప్పే వాక్యం ఒక్కటే: ఫోర్‌సైట్ తప్పు వెంట నడుస్తుంది.

కుడికి 1.5 మిల్లీమీటర్లు కొట్టడం వల్ల సుమారు 11 అంగుళాలు ఎడమకు వచ్చి ఉంటుందని అప్పటికే లెక్క తేలింది. అయితే మొదటి దెబ్బ కొట్టకముందే గుండు ఎడమకు పోతోందంటున్నారు. దానికి కారణం ఏమిటో తేలాలి. అందుకే ఏదీ ముట్టుకోకుండా ఉన్నది ఉన్నట్టుగా రేంజ్‌కు తీసుకువెళ్లాము. ఖడ్కీ కర్మాగారపు తూటాలు, అన్నీ ఒకే లాటువి. 100 గజాల దూరం, లయింగ్ పొజిషన్, ముంజేతికి ఇసుక బస్తా, బ్యాక్‌సైట్ 200 మీద. చేతి లోపమో రైఫిల్ లోపమో తేలాలని ఇద్దరు వేర్వేరు షూటర్లతో చెరో అయిదు తూటాలు కాల్పించాను. ఇద్దరి గ్రూపులూ (ఒకే గురితో కాల్చిన గుండ్ల గుర్తుల గుంపులు) ఎడమకే, సగటున 14 అంగుళాలు. అంతకంటే ముఖ్యమైనది ఆ గ్రూపుల ఆకారం. పక్కలకు పెద్దగా చెదరలేదు, నిలువుగా మాత్రం అడుగు దాకా సాగాయి. ఇద్దరికీ అదే తీరు.

ఈ గ్రూపు చూసి బ్లేడు ఎత్తు లెక్క కట్టకూడదు. అడుగు పొడవున చెదిరిన గుండ్లకు మధ్య బిందువు తీయవచ్చు, కానీ మర్నాడు కాలిస్తే అది మరో చోట ఉంటుంది. నిలువుగా సాగిన గ్రూపు బ్యారెల్, బాడీ కొయ్యలో సరిగా కూర్చోలేదని చెబుతుంది. ఆ మాట వినకుండా సైటు మార్చడం జ్వరం చూడకుండా థర్మామీటరు మార్చడమే.

వర్క్‌షాపుకు తిరిగి వచ్చి బోర్, అంటే బ్యారెల్ లోపలి రంధ్రం, చూశాము. గాడులు బాగున్నాయి. బ్యారెల్ శుభ్రం చేసే పుల్‌త్రూ తాడును వంకరగా లాగడం వల్ల మజిల్ అంచు ఒక పక్క అరిగిపోవడం ఈ రైఫిళ్లలో తరచూ కనిపిస్తుంది. ఇక్కడ అది లేదు, చుట్టూ సమంగా ఉంది. తర్వాత కొయ్య విప్పాము. ఇక్కడ ఒక హెచ్చరిక. ఫోర్‌ఎండ్ కొయ్య (బ్యారెల్ కింది ముందు కొయ్య) తీయకుండా బట్‌ను (భుజానికి ఆనే వెనుక కొయ్యను) విప్పే ప్రయత్నం ఎప్పుడూ చేయకండి. బట్‌ను పట్టుకున్న పొడవాటి బోల్టు చివర పలకగా ఉండి ఫోర్‌ఎండ్ వెనుక భాగంలో ఇరుక్కుని ఉంటుంది. అలాగే తిప్పితే ఫోర్‌ఎండ్ వెనుక వైపు నిట్టనిలువునా చీలుతుంది. అలా చీలిపోయిన మంచి కొయ్యలను చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే వాటికి బదులు కొయ్యలు ఇప్పుడు దొరకడం కష్టం.

నోస్‌క్యాప్ (కొయ్య ముందు కొనకు ఉండే లోహపు తొడుగు), బ్యాండ్లు తీసి ట్రిగ్గర్ గార్డు ముందు స్క్రూ దగ్గరికి వచ్చేసరికి అసలు విషయం బయటపడింది. స్క్రూ పూర్తిగా బిగించే ఉంది, అయినా బాడీ కొయ్యలో కదులుతోంది. ఈ స్క్రూ చుట్టూ కొయ్యలో ఒక చిన్న ఉక్కు కాలర్ ఉంటుంది. స్క్రూను మరీ బిగించి కొయ్యను నలిపేయకుండా అది అడ్డుకుంటుంది. రాయలసీమ ఎండకు ఏళ్ల తరబడి కొయ్య ఎండి కుదించుకుపోయింది. కాలర్ మాత్రం ఉక్కు, దాని పొడవు మారలేదు. దాంతో స్క్రూ కాలర్ మీద బిగుస్తోంది కానీ కొయ్య మీద బిగుసుకోవడం లేదు. స్క్రూ గట్టిగానే ఉందని చేతికి తెలుస్తుంది కాబట్టి నెలవారీ తనిఖీలో దీన్ని ఎవరూ పట్టుకోలేరు. పట్టుకునే పద్ధతి ఇది: రైఫిల్‌ను తలకిందులుగా పట్టుకుని, స్క్రూ బిగించి, బాడీకి కొయ్యకు మధ్య బొటనవేలు ఆనించి బ్యారెల్‌ను మెల్లగా ఊపాలి. కదలిక ఉంటే వేలికి తెలుస్తుంది.

రెండో లోపం డ్రాస్‌లో, అంటే కొయ్యలో బాడీ ఆనే రెండు ముఖాల్లో, ఉంది. కాల్చినప్పుడు వచ్చే వెనకతోపును బాడీ నుంచి కొయ్య అందుకునేది వీటి దగ్గరే. కుడి ఎడమలు రెండూ సమానంగా ఆనాలి. దీపం మసిని నూనెలో కలిపి బాడీ ముఖాల మీద పలుచగా రాసి, కొయ్యలో కూర్చోబెట్టి, మళ్లీ తీసి చూశాము. ఎడమ డ్రా మీద మసి నిండుగా అంటింది. కుడి వైపు అంచున ఒక సన్నని గీత తప్ప ఏమీ లేదు. ప్రతి తూటాకూ బాడీ ఒక పక్కకే ఆనుకుని మెలితిరుగుతోందన్నమాట.

కుడి డ్రా దగ్గర నలిగిన కొయ్యను ఉలితో చదును చేసి, బాగా ఎండిన అక్రోటు చెక్క ముక్కను నార నిలువుగా కాకుండా వెనకతోపుకు ఎదురు వచ్చేలా అతికించాము. ఎండాక మసి చూస్తూ, గీరుతూ రెండు వైపులా అచ్చు సమానంగా పడేదాకా సరిచేశాము. తొందరపడితే చెడే పని ఇది. కాలర్‌ను ఆకురాయితో కొద్దికొద్దిగా తగ్గించి, స్క్రూ బిగించినప్పుడు కొయ్య పట్టు ముందుగా తగిలేలా చేశాము. బ్యారెల్ చుట్టూ గాడి శుభ్రం చేశాము. నోస్‌క్యాప్ లోపల బ్యారెల్‌ను కింది నుంచి పైకి నెట్టే చిన్న స్టడ్, దాని స్ప్రింగు తుప్పుతో బిగుసుకుపోయి ఉంటే విడదీసి, శుభ్రం చేసి, కదిలేలా చేశాము. కొయ్యకు అవిసె నూనె పట్టించి అన్నీ బిగించాము. ఫోర్‌సైట్‌ను మాత్రం ఇంకా ముట్టుకోలేదు.

అదే రేంజ్, అదే లాటు తూటాలు, అదే ఇద్దరు షూటర్లు. ఈసారి గ్రూపు నాలుగు అంగుళాలకు వచ్చింది, నిలువు సాగుడు పోయింది. మధ్య బిందువు గురిచుక్కకు 12.5 అంగుళాలు ఎడమకు, 8.5 అంగుళాలు పైకి ఉంది. ఇప్పుడు ఈ అంకెలను నమ్మి లెక్క కట్టవచ్చు.

ఎత్తు లెక్కలో ఒక మెలిక ఉంది. ఈ రైఫిల్ బ్యాక్‌సైట్‌లో అన్నిటికంటే తక్కువ దూరం 200 గజాలు. 200 మీద పెట్టి 100 గజాల దగ్గర కాలిస్తే గుండు గురిచుక్కకు రెండు మూడు అంగుళాలు పైన తగలడమే సరైనది. గుండు దారి వంపుగా ఉంటుంది కాబట్టి మధ్యలో గురిరేఖకు పైన నడిచి, 200 దగ్గర దాన్ని కలుస్తుంది. ఇది తెలియక, మంచి రైఫిల్‌ను పైకి కొడుతోందని బ్లేడు మార్చినవారు ఉన్నారు. మేము 2.5 అంగుళాలను సరైన ఎత్తుగా పెట్టుకున్నాము. అంటే నిజమైన తప్పు 6 అంగుళాలు. దానికి బ్లేడు 0.032 అంగుళాలు పెరగాలి. ఆకురాయి తినేసిన 0.033 అంగుళాలతో ఇది దాదాపు సరిపోయింది. ఫ్యాక్టరీవాళ్లు 1944లో పెట్టిన సైజు ఇప్పటికీ సరైనదేనని అర్థం. పాత బ్లేడు మీద ముద్రించి ఉన్న సైజుదే కొత్త బ్లేడు తీసుకున్నాను.

పక్క లెక్క. ఇప్పుడున్న 12.5లో 11 అంగుళాలు సుత్తి దెబ్బల వల్ల వచ్చినవి. బ్లేడు మధ్యకు వస్తే అవి పోతాయి. మిగిలేది ఒకటిన్నర అంగుళం. మొదట వాళ్లు రేంజ్‌లో చూసినది ఈ కొద్దిపాటి తప్పుతో పాటు కొయ్య వదులు వల్ల వచ్చిన తప్పు కలిసి అయి ఉంటుంది.

పాత బ్లేడు తీయడం కోసం నోస్‌క్యాప్ మళ్లీ విప్పాము. బ్యారెల్‌ను తోలు పొదిగిన దవడల మధ్య వైస్‌లో పట్టించి, గాడి అంచుల మీద పంచ్‌తో పొడిచి పైకి లేపిన లోహాన్ని ముందు చిన్న గీకుడు ఉలితో తొలగించాము. అది తీయకుండా కొడితే గాడి గోడలు చిరుగుతాయి. పలుచని నూనె వేసి కాసేపు వదిలి, ఇత్తడి డ్రిఫ్టుతో (తోయడానికి వాడే కడ్డీతో) మెల్లగా తోశాము. బ్లేడు మాత్రమే వదులు, గాడి చెడిపోలేదు. ఆ విషయంలో ఈ రైఫిల్ అదృష్టవంతురాలే.

కొత్త బ్లేడు పాదం గాడికి కాస్త బిగుతుగా ఉంది. అలాగే ఉండాలి. ఇలాంటప్పుడు అరగదీయవలసింది బ్లేడు పాదాన్నే, గాడిని ఎప్పుడూ కాదు. బ్లేడు పాడైతే ఇంకొకటి వేయవచ్చు, బ్లాకు పాడైతే బ్యారెల్ దాకా పోతుంది. పాదం అడుగుభాగాన్ని నున్నని ఆకురాయి మీద ఒకటి రెండు సార్లు లాగి, వేలితో నొక్కితే మూడో వంతు లోపలికి పోయి ఆగేలా చేశాను. మిగతా దూరం తోయడానికి సుత్తి వాడలేదు. మా దగ్గర ఒక క్రాంప్ (బ్లేడును స్క్రూతో పక్కకు తోసే సాధనం) ఉంది, స్థానికంగా లేతు మీద చేయించినది. దాని స్క్రూ మర ఒక మిల్లీమీటరు పిచ్. అంటే ఒక పూర్తి చుట్టు తిప్పితే బ్లేడు సరిగ్గా ఒక మిల్లీమీటరు కదులుతుంది. ఈ పనికి ఇంతకంటే మంచి సాధనం నాకు తెలియదు. సుత్తి దెబ్బ ఎంత జరుపుతుందో కొట్టాకే తెలుస్తుంది, స్క్రూ ఎంత జరుపుతుందో తిప్పకముందే తెలుస్తుంది.

బ్లేడు మధ్యకు వచ్చాక రెండు వైపులా వెర్నియర్‌తో సరిచూసి, చిన్న మూలమట్టంతో నిట్టనిలువుగా ఉందో లేదో పరీక్షించాము. నోస్‌క్యాప్ బిగించాకే కాల్పులకు వెళ్లాము, విడిగా ఉన్నప్పుడు కాల్చి చూడటం వల్ల ప్రయోజనం లేదు. గ్రూపు మధ్య 1.4 అంగుళాలు ఎడమకు, 2.3 అంగుళాలు పైకి వచ్చింది. ఎత్తు సరిపోయింది. 1.4 అంగుళాలకు 0.19 మిల్లీమీటరు. తప్పు వెంట నడిపించాలి కాబట్టి క్రాంప్ ఎడమకు పెట్టి, స్క్రూను చుట్టులో అయిదో వంతు తిప్పాము. తర్వాతి గ్రూపు గురిచుక్కకు నిట్టనిలువుగా పైన పడింది.

అప్పుడు మాత్రమే గాడి అంచును పంచ్‌తో రెండు చోట్ల పొడిచి బ్లేడును స్థిరపరిచాము. ఆ దెబ్బకు బ్లేడు వెంట్రుకవాసి కదిలే అవకాశం ఉంది కాబట్టి పొడిచాక మరో గ్రూపు కాల్చాలి. కాల్చాము, మార్పు లేదు. బ్లేడు పాదం మీది నుంచి బ్లాకు మీదికి ఒకే సన్నని గీత గీశాము. ఎప్పుడైనా బ్లేడు జరిగితే ఆ గీత విరిగి కనిపిస్తుంది, కొలత సాధనం లేని గార్డు కూడా గుర్తుపట్టగలడు. కొనకు కర్పూరం పొగ పట్టించి నల్లబరిచి చూపించాను. మెరిసే కొనకు మందు ఆకురాయి కాదు, పొగ. పక్క నుంచి ఎండ పడితే మెరిసే అంచునే షూటర్ కన్ను బ్లేడు అనుకుంటుంది, గుండు వెలుతురుకు ఎదురు దిక్కుకు జారుతుంది.

రైఫిల్ హిస్టరీ షీటులో పాత బ్లేడు సైజు, కొత్త బ్లేడు సైజు, మధ్య నుంచి ఎడమకు 0.19 మిల్లీమీటరు, కాలర్ తగ్గించిన సంగతి, తూటాల లాటు, ప్రతి గ్రూపు కొలత రాసి పెట్టాము. వానాకాలం గడిచాక రైఫిల్‌ను మళ్లీ తెప్పించి కాల్చాము. గ్రూపు మధ్య ఒక అంగుళం కిందికి జారింది. తడికి కొయ్య కాస్త ఉబ్బితే ఇంత తేడా సహజం, ముట్టుకోలేదు. తర్వాతి ఎండల్లో చూస్తే తిరిగి తన చోటికి వచ్చింది, స్క్రూ పట్టు అలాగే ఉంది.

ఆ లోగా అదే విభాగం నుంచి ఇంకో రెండు రైఫిళ్లు వచ్చాయి. రెండింటి ఫోర్‌సైట్లూ కుడికే కొట్టి ఉన్నాయి, రెండింటి మీదా అదే ఇనుప పంచ్ గుంటలు. ఒకదాని కొయ్య గట్టిగా ఉంది, డ్రాస్ రెండూ సమానంగా ఆనుతున్నాయి, బ్లేడు ఎత్తు కూడా చెడలేదు. దాన్ని విప్పకుండా క్రాంప్‌తో మధ్యకు తెచ్చి, కాల్చి చూసి పంపించాము. రెండో దాని కాలర్ మొదటి రైఫిల్ కాలర్‌లాగే కొయ్యను పట్టనివ్వడం లేదు. దాన్ని బల్ల మీద పెట్టి, డ్రాస్ చూడటానికి మసి, నూనె బయటికి తీశాము.